ఫ్రాంచైజీ ఒప్పందంలో ‘ఆమోదిత సరఫరాదారు’ షరతు: కప్పులు, పాలు బయట కొంటే ఉల్లంఘనేనా?

గోదావరి గట్టు (ప్రశ్న):

నమస్కారం. రాజమహేంద్రవరంలో ఒక టీ బ్రాండు ఫ్రాంచైజీ తీసుకొని రెండున్నరేళ్లుగా దుకాణం నడుపుతున్నాను. వ్యవహారం ఇంకా ఉత్తరాల దశలోనే ఉంది కనుక బ్రాండు పేరు రాయడం లేదు. ఒప్పందం ఐదేళ్లకు కుదిరింది. అందులోని 11వ క్లాజు ప్రకారం టీ పొడి, మసాలా మిశ్రమం, పాలు, చక్కెర, కప్పులు, చివరికి గిన్నెలు తోమే ద్రావకం వరకు ప్రతి వస్తువునూ ‘కంపెనీ ఎప్పటికప్పుడు ఆమోదించే సరఫరాదారుల’ వద్దనే కొనాలి. సంతకం చేసిన నాడు ఆ జాబితాలో ఒక్కో వస్తువుకు ఇద్దరు ముగ్గురి పేర్లు ఉండేవి. నిరుడు జనవరి నుంచి పాలకు ఒక డెయిరీ డీలరు, తక్కిన అన్నిటికీ హైదరాబాద్‌లోని ఒకే సంస్థ మిగిలారు. ఆ సంస్థ ఇన్‌వాయిస్ మీద ఉన్న చిరునామా, మా కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా ఒకే భవనానివి. అంతస్తు మాత్రమే వేరు.

రోజుకు సుమారు 900 కప్పుల టీ అమ్ముతాను, కప్పు టీ 15 రూపాయలు. ఆ హైదరాబాద్ సంస్థ డిపోలో కాగితపు కప్పు ధర పన్నుతో కలిపి 1 రూపాయి 30 పైసలు పడుతుంది. అదే కొలత, అదే మందం ఉన్న సాదా కప్పు ఇక్కడి మెయిన్ రోడ్డులో 95 పైసలకు వస్తుంది. టీ పొడి కిలో 640 రూపాయలకు వేస్తున్నారు. నేను రుచి చూసినంతలో దానికి తీసిపోని పొడి 420కి దొరుకుతుంది. రోజుకు 2.7 కిలోలు వాడతాను. బ్రాండు వాడుకకు కంపెనీకి కట్టే రాయల్టీ నెల అమ్మకంలో 4 శాతం, దానిపై జీఎస్టీ అదనం.

వేసవిలో వచ్చిన ఒక లాటులో కప్పు అతుకు సరిగ్గా అంటలేదు. టీ పోసిన అయిదు నిమిషాలకు అడుగున చెమ్మ చేరి, బల్ల మీద గుండ్రటి మరక పడేది. కొందరు కప్పు కింద మరో కప్పు పెట్టి ఇమ్మని అడిగేవారు, అంటే ఒక టీకి రెండు కప్పుల ఖర్చు. ఫిర్యాదు చేస్తే కొత్త లాటు పంపుతామన్నారు. అది పదకొండు రోజులకు వచ్చింది. ఆ మధ్యలో దుకాణం మూయలేక 2,000 సాదా కప్పులు బయట కొన్నాను. సరిగ్గా అప్పుడే ఆడిట్‌కు వచ్చిన ఉద్యోగి వాటిని ఫొటో తీసుకొని వెళ్లాడు. వారం తిరగకముందే, ఒప్పందాన్ని ఉల్లంఘించారనీ 15 రోజుల్లో సరిదిద్దుకొని వివరణ ఇవ్వాలనీ నోటీసు వచ్చింది.

నా సందేహాలు మూడు. ఇలా ఒకే చోట కొనమనే షరతు చట్టప్రకారం చెల్లుతుందా? వేరే సరఫరాదారును ఆమోదించమని అడిగే హక్కు నాకు ఉందా? నోటీసుకు ఏమని జవాబు ఇవ్వాలి?

కాంట్రాక్టు పాఠం:

విజయవాడలో వ్యాపార ఒప్పందాల మీద పనిచేసే న్యాయవాదిని. మీ పత్రాలు చూడలేదు కనుక దీన్ని సలహాగా కాక, సాధారణ వివరణగా తీసుకోండి.

మూడో ప్రశ్నకు గడువు ఉంది కనుక దానితోనే మొదలుపెడతాను. నోటీసుకు మౌనం వహించకండి. ఆమోదం లేని చోట కొన్న మాట నిజమే కాబట్టి కొనలేదని బుకాయించకుండా, ఎందుకు కొనవలసి వచ్చిందో తేదీల వారీగా రాయండి: లీకేజి గురించి మొదటి ఫిర్యాదు పంపిన తేదీ, వారి జవాబు, కొత్త లాటు చేరిన తేదీ, మధ్యలో కొన్న 2,000 కప్పుల బిల్లు, ఆ తర్వాత మళ్లీ బయట కొనలేదన్న మాట. కారిన కప్పులు ఓ పాతిక పారేయకుండా, లాటు నంబరు ఉన్న అట్టపెట్టెతో సహా దాచండి. సరఫరా చేసే బాధ్యతను కంపెనీ ఒప్పందంలో తన మీద పెట్టుకుందో లేదో వెతకండి. అలాంటి వాక్యం ఉంటే 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో పరస్పర వాగ్దానాలకు సంబంధించిన 51 నుంచి 54 వరకు ఉన్న సెక్షన్లు మీకు పనికివస్తాయి. తాను చేయవలసింది చేయని పక్షం ఎదుటివారి తప్పు మాత్రమే ఎత్తి చూపడం అంత సులభం కాదు.

ఇక షరతు చెల్లుబాటు సంగతి. ఒప్పందం నడుస్తున్న కాలంలో ఫ్రాంచైజీదారుపై పెట్టే ఇలాంటి ఆంక్షలను మన కోర్టులు మామూలుగా కొట్టివేయవు. 1995లో గుజరాత్ బాట్లింగ్ కంపెనీకీ కోకా కోలాకూ నడిచిన వివాదంలో, ఒప్పందం అమలులో ఉన్నంతకాలం పోటీ పానీయాలను తయారు చేయరాదన్న షరతు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 కింద వర్తక నిరోధం కాదని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ షరతు మీ షరతులాంటిదే కాదు గానీ, కంపెనీ న్యాయవాది మొదట బయటికి తీసే తీర్పు అదే.

రెండో దారి 2002 నాటి పోటీ చట్టం. ఒక వస్తువో సేవో కావాలంటే దానితోపాటు వేరొక వస్తువు కొనాలని బలవంతపెట్టే ఒప్పందాన్ని సెక్షన్ 3(4) ప్రస్తావిస్తుంది. 2023 సవరణతో ఆ నిర్వచనంలోకి సేవలు కూడా స్పష్టంగా చేరాయి. అయితే కార్టెల్ (పోటీదారులు కుమ్మక్కు కావడం) మాదిరిగా ఇక్కడ హాని జరిగిందని చట్టమే ముందుగా ఊహించదు. మార్కెట్‌లో పోటీకి గణనీయమైన హాని కలిగినట్టు చూపాలి. వీధికి మూడు టీ బ్రాండులు ఉన్న ఊళ్లో ఒక బ్రాండు కప్పుల షరతు వల్ల మార్కెట్‌కే హాని జరిగిందని నిరూపించడం కష్టం. పైగా ట్రేడ్‌మార్కును కాపాడుకోవడానికి అవసరమైన సమంజసమైన షరతులకు సెక్షన్ 3(5) మినహాయింపు ఇస్తుంది. ‘సమంజసమైన’, ‘అవసరమైన’ అనే రెండు మాటల మీద వాదించవచ్చు. గిన్నెలు తోమే ద్రావకానికి ట్రేడ్‌మార్కుతో ఏం సంబంధమని నేనైతే అడుగుతాను. కానీ ఒక్క దుకాణం కోసం అంత దూరం వెళ్లమని మీకు చెప్పను.

మీరు బహుశా గమనించని విషయం ఒకటుంది. కప్పు మీద లోగో ఉంటుంది. అనుమతి లేకుండా దాన్ని స్థానిక ప్రెస్సులో అచ్చు వేయిస్తే అది సరఫరా తగాదాగా మిగలదు, 1999 నాటి ట్రేడ్‌మార్కు చట్టం కిందికి పోతుంది. మీరు కొన్నవి సాదా కప్పులు కావడం ఆ మేరకు మంచిదే అయింది. కనుక ఆమోదం అడగాలనుకుంటే కప్పులతో కాదు, పాలతో మొదలుపెట్టండి. పాల మీద లోగో ఉండదు, రహస్య మిశ్రమమూ ఉండదు; కొవ్వు శాతం, ఘనపదార్థాల శాతం, చేరవేసే ఉష్ణోగ్రత అనే మూడు అంకెలతో కావలసిన నాణ్యత మొత్తం చెప్పేయవచ్చు.

హనుమకొండ మూడు దుకాణాలు:

గట్టు గారూ, నాది వేరే బ్రాండు, కానీ గొడవ ఇదే. పాలకు ఆమోదం తెచ్చుకున్నవాడిని కనుక ఎలా జరిగిందో చెబుతాను.

నేను మొదట ఫోనులో అడిగాను. ఏరియా మేనేజరు ‘చూద్దాం సార్’ అన్నాడు. ఆ చూద్దాం అయిదు నెలలు నడిచింది. ఆ తర్వాత ఉత్తరం రాశాను. డెయిరీకి ఉన్న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నకలు, గుర్తింపు పొందిన ల్యాబ్ నుంచి రెండు వేర్వేరు రోజుల శాంపిళ్ల రిపోర్టులు, వారం రోజుల ఉష్ణోగ్రత పట్టిక, ధర కొటేషన్, డెయిరీ ఇచ్చిన లిఖితపూర్వక హామీ పత్రం జత చేసి రిజిస్టర్డ్ పోస్టులోనూ మెయిల్‌లోనూ పంపాను. చివర ఒకే ఒక వాక్యం రాశాను: ‘తిరస్కరించే పక్షంలో ఏ ప్రమాణం తగ్గిందో తెలియజేయగలరు’. ఆమోదం 23 రోజుల్లో వచ్చింది. మర్యాదగా అడిగినందుకు వచ్చిందనుకోను. కాగితం మీద కారణం రాయవలసి వచ్చేసరికి వారి దగ్గర కారణం లేకపోయింది.

లైసెన్సు సంగతి తేలికగా తీసుకోకండి. దుకాణం లైసెన్సు మీ పేరు మీద ఉంటుంది, బ్రాండు పేరు మీద కాదు. ఫుడ్ ఇన్‌స్పెక్టరు శాంపిల్ తీసుకుంటే మొదటి నోటీసు మీకే వస్తుంది. సరుకు ఎవరి దగ్గర కొన్నామో చూపలేని అమ్మకందారును 2006 నాటి ఆహార భద్రతా చట్టంలోని సెక్షన్ 27 బాధ్యుణ్ణి చేస్తుంది. కాబట్టి డిపో నుంచి లేబులు లేని పొట్లాలలో మసాలా వస్తుంటే అక్కడే ఆగి అడగండి. ఇన్‌వాయిస్ మీద 14 అంకెల లైసెన్సు నంబరు వేయడం 2022 జనవరి 1 నుంచి తప్పనిసరి. మా డిపో బిల్లుల మీద చాలాకాలం అది లేదు; ఆ సంగతి ఎత్తి చూపిన తర్వాతే నా ఉత్తరాలకు గౌరవం పెరిగింది.

ఇక మీ అంకెల గురించి. కప్పుల మీద మీకు పోతున్నది రోజుకు 315 రూపాయలు, నెలకు 9,450. టీ పొడి మీద కిలోకు 220 చొప్పున రోజుకు 594, నెలకు 17,820. మీ నెల అమ్మకం 4,05,000 అనుకుంటే 4 శాతం రాయల్టీ 16,200, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 19,116. అంటే టీ పొడి రూపంలో మీరు ఇంచుమించు రెండో రాయల్టీ కడుతున్నారు, ఒప్పందంలో దానికి ఆ పేరు లేదంతే. ఆ జీఎస్టీలో ఒక్క రూపాయి కూడా వెనక్కి రాదు; రెస్టారెంటు సేవలకు 2017 నవంబరు 15 నుంచి 5 శాతం పన్నే గానీ ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్లపై కట్టిన పన్నును తగ్గించుకునే వీలు) లేదు. అందుకే ధరలు పోల్చేటప్పుడు మీరు పన్నుతో కలిపి పోల్చడం సరైన పద్ధతి. మావాళ్లు చాలామంది మూల ధరలు పోల్చి మోసపోతారు.

కొనుగోలు విభాగం:

ఎదుటి పక్షం మాట కూడా ఎవరో ఒకరు చెప్పాలి. ఒక గొలుసు దుకాణాల సంస్థలో పదకొండేళ్లు సరుకుల కొనుగోలు చూశాను. ఇప్పుడు అక్కడ లేను.

మొదటి శాంపిల్ ఎప్పుడూ బాగానే ఉంటుంది. చిక్కు మూడో లారీతో వస్తుంది. 210 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) అట్టతో శాంపిల్ చూపించి, ఆర్డరు ఖాయమయ్యాక 180కి దింపిన కప్పుల తయారీదారును నేను స్వయంగా పట్టుకున్నాను. చేతితో నొక్కితే తేడా తెలియదు, చిన్న తూకం మీద వంద కప్పులు పెడితే తెలుస్తుంది. అలాంటివారిని ఒక ఊళ్లో కనిపెట్టగలం. అరవై ఊళ్లలో అరవై మంది సరఫరాదారులుంటే ఎవరు కనిపెడతారు? హనుమకొండ మిత్రుడు పంపిన రిపోర్టులు రెండు రోజులవి. తక్కిన 363 రోజులు చూసుకునే పని కంపెనీ మీద పడుతుంది, దానికి మనిషి కావాలి, జీతం కావాలి.

మరో సంగతి. డిపో ధరలో రవాణా కలిసి ఉంటుంది, అన్ని ఊళ్లకూ ఒకే ధర ఉంటుంది. రాజమహేంద్రవరం దుకాణం బయటికి పోతే, రోజుకు 200 కప్పులు అమ్మే మారుమూల దుకాణానికి కప్పు ధర పెరుగుతుంది. దీన్ని ఫ్రాంచైజీదారులు వినడానికి ఇష్టపడరు.

ఇంత చెప్పాక ఒప్పుకోవలసినవి కూడా ఉన్నాయి. సరఫరాదారుల నుంచి ఏడాది చివర వాల్యూమ్ ఇన్సెంటివ్ (ఎక్కువ సరుకు కొన్నందుకు ఇచ్చే మొత్తం) రావడం మా దగ్గర మామూలే. అందులో కొంత ప్రచార నిధికి పోయేది, కొంత పోయేది కాదు. ఆమోదం కోసం వచ్చిన దరఖాస్తులకు జవాబు ఇవ్వకుండా ఉంచడం కూడా ఒక పద్ధతిగా నడిచేది. అది తప్పని అప్పుడూ అనుకున్నాను. కారిన కప్పులకు ప్రత్యామ్నాయం పదకొండు రోజుల తర్వాత పంపి, మధ్యలో కొన్నందుకు నోటీసు ఇచ్చారంటే, ఆ నోటీసును కొనుగోలు విభాగానికి చూపకుండా లీగల్ విభాగం పంపి ఉంటుంది. లీకేజి ఫిర్యాదు నకలు జతపరచి జవాబును రెండు విభాగాలకూ పంపండి.

ఫ్రిస్కో నుంచి:

నేను టెక్సాస్‌లో ఉంటున్నాను, రెండు ఫ్రాంచైజీ దుకాణాలున్నాయి. ఇక్కడి చట్టం అక్కడ పనిచేయదు గానీ, ఏం అడగాలో తెలుసుకోవడానికి పనికొస్తుందని రాస్తున్నాను.

అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ఒకటుంది. 1978లో తెచ్చారు, 2007లో సవరించారు. దాని ప్రకారం, సంతకం చేయడానికో డబ్బు కట్టడానికో కనీసం 14 రోజుల ముందు కంపెనీ ఒక వివరాల పత్రం చేతికివ్వాలి. అందులో 8వ అంశం మొత్తం మనం మాట్లాడుకుంటున్నదే. ఏ వస్తువులు ఎవరి దగ్గర కొనాలి, ఆ సరఫరాదారుల్లో కంపెనీ అధికారులకు వాటా ఉందా, ఆ కొనుగోళ్ల మీద కంపెనీకి వచ్చే ఆదాయం ఎంత, సరఫరాదారులు కంపెనీకి రిబేటు ఇస్తారా, వేరే సరఫరాదారును ఆమోదించడానికి ప్రమాణాలేమిటి, ఫీజెంత, ఎన్ని రోజుల్లో జవాబిస్తారు అన్నీ రాయాలి. గమనించండి: ఒకే చోట కొనమనడాన్ని ఆ నిబంధన నిషేధించదు, దాచిపెట్టవద్దంటుంది. ‘ఒకే భవనం, వేరే అంతస్తు’ ఇక్కడైతే పత్రంలోనే కనబడేది.

న్యాయవాది గారు కప్పుల మీద లోగో ఉందన్నారు. దాని మీద ఇక్కడ ఒక పాత కేసు ఉంది. చికెన్ డిలైట్ అనే సంస్థ ఫ్రాంచైజీదారుల నుంచి రాయల్టీ తీసుకునేది కాదు, ప్రవేశ రుసుమూ లేదు. దానికి బదులుగా పొయ్యిలు, మసాలా పొడులు, తన గుర్తు ముద్రించిన ప్యాకింగు తన దగ్గరే, బయటికన్నా ఎక్కువ ధరకు కొనిపించేది. 1971లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు దీన్ని అక్రమ ముడిగానే, అంటే ఒకటి కావాలంటే మరొకటీ కొనాలనే బలవంతంగానే చూసింది. గుర్తు ముద్రించి ఉన్నంత మాత్రాన ప్యాకింగు తన దగ్గరే కొనాలనడం కుదరదనీ, కొలతలు నిర్దేశిస్తే మరొకరు కూడా అలాగే తయారు చేయగలరనీ ఆ కేసు సారాంశం. హనుమకొండ మిత్రుడు ‘రెండో రాయల్టీ’ అన్న మాట చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఇదే.

అయితే ఆ కాలం ఇక్కడ కూడా పోయింది. 1997లో డొమినోస్ ఫ్రాంచైజీదారులు పిండిముద్ద, ఇతర సరుకుల గురించి వేసిన దావాను మూడో సర్క్యూట్ నిలబడనివ్వలేదు. డొమినోస్ ఆమోదించిన సరుకులనే ఒక ప్రత్యేక మార్కెట్‌గా లెక్కించలేమనీ, షరతు ఒప్పందంలో ముందే ఉందనీ, తెలిసే సంతకం చేశారనీ చెప్పింది. ఇప్పుడు పోటీ చట్టంతో గెలిచేవారు అరుదు. కొన్ని రాష్ట్రాల చట్టాలు మాత్రం గట్టివి. ఇండియానాలో, సరఫరాదారు నుంచి కంపెనీ పుచ్చుకున్న ప్రయోజనాన్ని, తాను చేసిన సేవకు ప్రతిఫలం కాకపోతే, లెక్క చెప్పి ఫ్రాంచైజీదారుకు అందజేయాలి.

నిజానికి ఇక్కడ పనిచేసిన మార్గం కోర్టు కాదు, కొనుగోలు సహకార సంఘం. బర్గర్ కింగ్ వారికి 1991లోనూ, సబ్‌వే వారికి 1996లోనూ అలాంటి సంస్థలు ఏర్పడ్డాయి. సబ్‌వే సంఘం ఫ్రాంచైజీదారుల సొంతం. నాణ్యత ప్రమాణాలు కంపెనీ నిర్ణయిస్తుంది, ధర మాట్లాడే పని సంఘానిది. ఆంధ్ర, తెలంగాణల్లో మీ బ్రాండు దుకాణాలు ఎన్ని ఉన్నాయో లెక్కవేసి, పదిమందినైనా కలుపుకోగలరేమో చూడండి.

కాంట్రాక్టు పాఠం:

చికెన్ డిలైట్ సంగతి గుర్తు చేసినందుకు ఫ్రిస్కో మిత్రునికి ధన్యవాదాలు. నేను అన్నది అనుమతి లేకుండా అచ్చు వేయించవద్దని. ఫలానా ప్రెస్సుకు అనుమతి ఇవ్వండని లిఖితపూర్వకంగా అడగడానికి అడ్డేమీ లేదు. కాకపోతే మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు, సంతకానికి ముందు వివరాల పత్రం ఇవ్వాలన్న నియమమూ లేదు. కాబట్టి అమెరికాలో చట్టం అడిగే ప్రశ్నలను ఇక్కడ మనమే, అదీ సంతకానికి ముందే, అడిగి జవాబులను అనుబంధంగా ఒప్పందానికి జతచేయించుకోవాలి. మీకు ఆ అవకాశం ఒప్పందం పునరుద్ధరణ నాటికి మళ్లీ వస్తుంది.

గోదావరి గట్టు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి దుకాణం కట్టేశాక ఒప్పందాన్ని మొదటి నుంచి మళ్లీ చదివాను. 11వ క్లాజును మాత్రమే చూస్తూ, మూడు పేజీల తర్వాత రెండో అనుబంధంలో ఉన్నది ఇన్నాళ్లూ చూడలేదు. ఫ్రాంచైజీదారు కొత్త సరఫరాదారును ప్రతిపాదించవచ్చునట. శాంపిల్ పరీక్ష ఖర్చు భరించాలి. కంపెనీ 45 రోజుల్లో నిర్ణయం తెలపాలి. తెలపకపోతే ఏమవుతుందో రాయలేదు. అదే అనుబంధంలో ‘కంపెనీ నిరంతర సరఫరాకు తగిన ఏర్పాట్లు చేయును’ అన్న వాక్యం కూడా ఉంది. న్యాయవాది గారు వెతకమన్నది దీన్నే అనుకుంటాను.

నోటీసుకు జవాబు రాశాను. ఫిర్యాదు మెయిల్ నకలు, 2,000 కప్పుల బిల్లు, కారిన కప్పుల ఫొటోలు జత చేశాను. కొనుగోలు విభాగానికి కూడా పంపుతున్నాను. పాల ప్రతిపాదన వేరే ఉత్తరంగా వెళుతుంది. మా ఊరి డెయిరీవారు ల్యాబ్ రిపోర్టు సోమవారం ఇస్తామన్నారు. దాచమన్నారని కారిన కప్పులు వెతికితే పందొమ్మిదే మిగిలాయి. అట్టపెట్టెను మాత్రం కుర్రవాడు చెత్తబండికి వేయకుండా అందులో చెంచాలు పెట్టుకున్నాడు, లాటు నంబరు చెక్కుచెదరకుండా ఉంది.